సున్నా అరుగుదల

ప్రభుత్వాలకి అప్పుడప్పుడూ పాత పాటల మీద ప్రేమ పుట్టుకొస్తూ ఉంటుంది. అలా పుట్టినప్పుడల్లా పాటలు కాస్త జాగ్రత్తగా ఉండటం మంచిది.

తెనాలిలో నాద సంపద పరిరక్షణ సంస్థ అని ఒకటుంది. పాత మేడ, చెక్కతో వేసిన పై అంతస్తు, ఆరు వేల గ్రామఫోను రికార్డులు, ఇరవై ముగ్గురు ఉద్యోగులు. ఆ ఇరవై ముగ్గురిలోనూ రికార్డుని ఎలా పట్టుకోవాలో తెలిసినవాడు కొల్లి పిచ్చేశ్వరరావు ఒక్కడే. వాళ్ళ నాన్న మైకుసెట్టు కొట్లో పెరిగిన మనిషి, ఇక్కడ హోదా రికార్డు అటెండరు. ముప్ఫై ఏళ్ళుగా అతను చేస్తున్న పనల్లా ఒక్కో రికార్డూ తీసి, మల్లుగుడ్డతో తుడిచి, కొత్త కాగితం సంచీలో దూర్చి, మళ్ళీ బీరువాలో నిలబెట్టడం. "పాడని రికార్డు కంటే అప్పడాల పీట నయం" అని తనలో తను గొణుక్కునేవాడు. ఎందుకంటే సంస్థలో ఉన్న ఒకే ఒక్క ప్లేయరుకి పన్నెండేళ్ళ కిందట బెల్టు తెగింది. కొత్త బెల్టు కోసం అతను పెట్టిన అర్జీ ఇంకా పరిశీలనలోనే ఉంది.

ఆ బెల్టు కోసం ఎదురుచూస్తున్న మనిషి ఇంకొకావిడ ఉంది. మద్దాల అలివేలమ్మగారు, సంస్థకి రెండు వీధుల అవతల ఇల్లు, వయసు ఎనభై అయిదు. పదహారో ఏట నాటకంలో పూలమ్మే పిల్ల వేషం కడితే, ఆ పాట బాగుందని మద్రాసు తీసుకెళ్ళి రికార్డు చేయించారు. ఆ రికార్డుకి ఎరిగినంతలో మిగిలిన కాపీ ఈ సంస్థ బీరువాలో ఉన్నదొక్కటే. ఆవిడకి పాటంతా నోటికి వచ్చు, చివరి చరణంలో ఒక్క పంక్తి తప్ప. అది ఎప్పుడు జారిపోయిందో ఆవిడకే తెలీదు. సాయంత్రాలు చుట్టుపక్కల ఆడవాళ్ళని కూచోబెట్టుకుని పాటలు నేర్పేది. ఈ పాట ఎత్తుకుని ఆ చోటికి వచ్చేసరికి ఆగిపోయి, "ఇక్కడేదో ఉందమ్మా, మంచి ముక్క" అని చెయ్యి గాల్లో ఊపేది. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవి ఈ చలికాలం దాటదని డాక్టరు చెప్పేశాడు.

అందుకని గురువారం గురువారం వచ్చి కింద వరండాలో బెంచీ మీద కూచుని, "ఏం బాబూ, బెల్టొచ్చిందా?" అనేది.

"వస్తుంది పెద్దమ్మగారూ. మీ పాట మీకు వినిపించకుండా నేను రిటైరవను" అనేవాడు పిచ్చేశ్వరరావు. ఆ మాట పైకి ఎంత ధైర్యంగా అనేవాడో లోపల అంత బెంగపడేవాడు.

బెల్టు రాలేదు. దానికి బదులు ఏకంగా యంత్రమే వచ్చింది. పరదేశంలో చేసింది. ఎనిమిదిమంది మోసి పైకి ఎక్కించారు. తిరిగే పళ్ళెం ఒక్కటే పాతిక కిలోలు. అద్దంలా ఉంది, ముట్టుకుంటే మరకలు పడతాయని భయం వేసేట్టుంది. దాన్ని ప్లేయరు అనకూడదని, శ్రవణ వేదిక అనాలని ఆ రోజే సర్క్యులర్ వచ్చింది.

పిచ్చేశ్వరరావు మర్నాడు పొద్దున తొమ్మిదికి మొదలెట్టాడు. తాపీమేస్త్రి దగ్గర అడిగి తెచ్చుకున్న రసమట్టాన్ని పళ్ళెం మీద పెట్టి, అందులో బుడగ నడిమికి వచ్చేదాకా కాళ్ళ కింది మరలు తిప్పాడు. సూది ఉండే చెయ్యి బిగించాడు. దాని వెనక ఉండే గుండుని వెంట్రుకవాసి జరుపుతూ, బుల్లి తూకం మీద సూది ఆనించి బరువు చూశాడు. పాత రికార్డుల గాడి వెడల్పు, వాటికి లావుపాటి సూది కావాలి. అదీ పెట్టెలో ఉంటే తగిలించాడు. పన్నెండున్నరకల్లా పని అయిపోయింది. చేతులు కడుక్కుని, బీరువా తీసి, అలివేలమ్మగారి రికార్డు రెండు అరచేతుల మధ్యా పట్టుకుని వచ్చాడు.

"ఆగండి!"

గుమ్మంలో సంచాలకులు కళాధరరావుగారు నిలబడి ఉన్నారు. నూట ఆరు కిలోల మనిషి. సంస్కృతి అనే మాట పలికేటప్పుడు కళ్ళు మూసుకునే అలవాటు ఉంది.

"ఏ ఉత్తర్వు ప్రకారం మీరు దీన్ని సమంగా ఉంచారు?" అని అడిగారు.

"రసమట్టం ప్రకారమండి."

"రసమట్టానికి ఆ అధికారం ఎవరిచ్చారు?"

పిచ్చేశ్వరరావు దగ్గర దీనికి జవాబు లేదు. ఆ మాటకొస్తే రసమట్టం దగ్గరా లేదు. సాయంత్రానికల్లా యంత్రాన్ని విధివిధానాల ప్రకారం మళ్ళీ బిగించడం కోసం, విధివిధానాలు లేకుండా బిగించినదంతా విప్పేశారు.

ఇంజనీరు వచ్చి పదిహేను రోజులు కొలిచాడు. గది ఖాళీగా ఉన్నప్పుడు బుడగ నడిమిలోనే ఉంది. కళాధరరావుగారు పరిశీలించడానికి లోపలికి అడుగుపెట్టగానే చెక్క నేల కాస్త వంగి, బుడగ మర్యాదగా పక్కకి తప్పుకుంది. ఆయన బయటికి వెళితే మళ్ళీ నడిమికి వచ్చింది. ఇంజనీరుకి తల ప్రాణం తోకకొచ్చింది. లోపం సంచాలకులవారిలో ఉందని రాయడానికి చెయ్యి రాదు కదా. రెండు రాత్రులు ఆలోచించి ఇలా రాశాడు: "గౌరవనీయ సంచాలకులవారి ఆగమనము వలన ఒక దిక్కున సంభవించు భారాధిక్యమును ఎదుటి దిక్కున సమాన భారముతో సరిచేయవలెను."

సమాన భారం కోసం సిబ్బందినందరినీ తూచారు. సూపరింటెండెంటు వీరరాఘవయ్య నూట నాలుగు తూగాడు. మిగిలిన రెండు కిలోలకి చేతిలో ఫైళ్ళు పెట్టారు. ఆ రోజు నుంచి అతనికి సమతౌల్య విధులు. కళాధరరావుగారు గుమ్మంలోంచి ఒక అడుగు ముందుకేస్తే, వీరరాఘవయ్య ఎదుటి మూలనుంచి ఒక అడుగు ముందుకెయ్యాలి. ఆయన వంగి చూస్తే ఇతనూ వంగాలి. వీరరాఘవయ్యకి జ్వరమొచ్చి నాలుగురోజులు సెలవు పెడితే, ఆ నాలుగురోజులూ సంచాలకులవారు గుమ్మం బయటే నిలబడి యంత్రాన్ని గౌరవించారు. తిరిగొచ్చినప్పుడు జ్వరం వల్ల రెండున్నర కిలోలు తగ్గాడని అతనికి సంజాయిషీ నోటీసు ఇచ్చారు.

తరవాత సూది బరువు. తూచేది ఏదైనా సరే తూనికల ఇన్‌స్పెక్టరు ముద్ర లేకుండా చెల్లదని ఎవరో గుర్తుచేశారు. ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బజారులో బియ్యం కొట్లవాళ్ళని గడగడలాడించే మనిషి. పిచ్చేశ్వరరావు చూపించినదంతా చూసి, నాలుగు గ్రాములు సరిగ్గా ఉందని ఒప్పుకుని, ఎవరూ మార్చకుండా గుండుకి తీగ చుట్టి సీసపు సీలు వేశాడు. సీలు బరువుకి గుండు కిందికి దిగింది, సూది గాల్లోకి లేచింది.

"అయ్యా, సూది లేచిపోయిందండీ" అన్నాడు పిచ్చేశ్వరరావు.

"సరిచెయ్యి."

"సరిచెయ్యాలంటే సీలు తీయాలి కదండీ."

"సీలు తీస్తే నేరం. ఆర్నెల్లు."

"మరి ఇలా ఉంటే రికార్డు మీద ఆనదండీ."

"ఆనడం, ఆనకపోవడం మా శాఖ పరిధిలోకి రాదు. బరువు మాత్రం ఖచ్చితం."

ఇన్‌స్పెక్టరు చేతే సీలు తీయించి, సరిచేసి, మళ్ళీ సీలు వేయించడం, మళ్ళీ సూది లేవడం, అలా ఆరుసార్లు జరిగింది. ఏడోసారి పిచ్చేశ్వరరావు సీసపు సీలుని ముందే తూచి, గుండు వైపు అంత బరువు ముందే తగ్గించి పెట్టాడు. సీలు పడగానే సూది సరిగ్గా నాలుగు గ్రాముల దగ్గర నిలిచింది. అటెండరు లెక్క కట్టాడంటే బాగోదని, ఇన్‌స్పెక్టరు దాన్ని తన పద్ధతిగా రాసుకుని వెళ్ళాడు.

ఈలోగా వర్షాలు వెళ్ళిపోయాయి. అలివేలమ్మగారు ఇప్పుడు బెల్టు సంగతి అడగడం మానేసి, "సీలు నిలబడిందా బాబూ?" అని అడుగుతోంది. ఆవిడకి వినపడాలంటే పిచ్చేశ్వరరావు మునుపటికంటే దగ్గరగా వంగి చెప్పాల్సి వస్తోంది. ఆ సంగతి అతను గమనించాడు గానీ ఆవిడతో అనలేదు.

గదిలో ఫాన్లు ఆపేశారు, దుమ్ము లేస్తుందని. చెప్పులు నిషేధించారు. అడుగుల అదురు తగలకుండా సందర్శకులని మేడ ఎక్కనివ్వడం మానేశారు. సెల్‌ఫోన్లు గేటు దగ్గరే తీసుకుని డబ్బాలో పెడుతున్నారు. గది తాళాలు మూడు, అవి ముగ్గురు అధికారుల దగ్గర. పాత ప్లేయరుని శిథిల వస్తువుల కింద రాసేసి బండిమీద పంపించేశారు. ఇక ఏ ఆటంకమూ లేదు, రేపో మాపో పాట మోగాల్సిందే అనుకుంటుండగా హైదరాబాదు నుంచి ఒక నిపుణుడు దిగాడు.

నిపుణుడు రెండు గంటలు ఉపన్యసించాడు. అందులో పనికొచ్చిన మాట ఒకటే. సూది గాడిలో నడిచిన ప్రతిసారీ సూదీ కాస్త అరుగుతుంది, గాడీ కాస్త అరుగుతుంది. కంటికి కనపడనంత అరుగుదల, శుభ్రంగా చూసుకుంటే వందల సార్లు వినొచ్చు అని కూడా అన్నాడు పాపం. కానీ ఆ రెండో ముక్క దగ్గరికి వచ్చేసరికి కళాధరరావుగారు కళ్ళు మూసేసుకున్నారు. తెరిచేటప్పటికి ఆయన ముఖంలో కొత్త వెలుగు ఉంది.

"అంటే, ఈ మహత్తరమైన నాద సంపదకి అసలైన శత్రువు ఎవరన్నమాట?" అని సభని అడిగారు. "శ్రోత!" అని ఆయనే చెప్పారు.

అలా పుట్టింది సున్నా అరుగుదల విధానం. వినకపోతే అరగదు, అరగకపోతే చిరకాలం ఉంటుంది. రోజూ పదకొండు నుంచి పన్నెండు దాకా శ్రవణ వేదికని రికార్డు లేకుండా తిప్పేవారు. పై అధికారులు వచ్చి, మడిగట్టుకున్నట్టు దూరంగా నిలబడి, "ఆహా, ఎంత నిశ్శబ్దంగా తిరుగుతోందో!" అని మెచ్చుకునేవారు. మూడు నెలలకోసారి పంపే నివేదికలో అరుగుదల అన్న గడిలో సున్నా వేసి, కింద సంతకాలు చేసేవారు. ఆ ఏడాది రాష్ట్రంలోకెల్లా ఉత్తమ శ్రవణ సంస్థ అనే బహుమతి ఆ సున్నాకే వచ్చింది. దండ వేయించుకుంటున్నప్పుడు కళాధరరావుగారి కళ్ళు చెమర్చాయని పేపర్లో కూడా పడింది.

పిచ్చేశ్వరరావుకి ఒళ్ళు మండింది. మండినా అటెండరు ఒళ్ళు ఎంతని మండుతుంది? అలివేలమ్మగారి ఇంటికెళ్ళి ఆవిడ చేత అర్జీ రాయించాడు. తన పాటని తను ఒక్కసారి వినడానికి అనుమతి ఇప్పించవలసిందని.

రికార్డు మీద కుమారి అలివేలు అని ఉంది, అర్జీ మీద శ్రీమతి అలివేలమ్మ అని ఉంది, ఇద్దరూ ఒకరే అనడానికి రుజువేమిటని ముందు నెలరోజులు తిప్పారు. పెళ్ళినాటి ఫొటో పట్టుకెళ్ళి చూపించింది. ఆ తరవాత అర్జీని పరిశీలించడానికి ఒక సంఘం కూచుంది. కళాధరరావుగారు, వీరరాఘవయ్య, ఇంజనీరు, తూనికల ఇన్‌స్పెక్టరు, వాళ్ళకి తోడు సర్కారు చెవి డాక్టరు. డాక్టరు అలివేలమ్మగారి చెవులు పరీక్షించి, కుడిచెవి ముప్ఫై శాతం, ఎడమచెవి సున్నా అని రాశాడు.

ఆ సున్నాని మాత్రం ఎవరూ మెచ్చుకోలేదు.

"చూడండి పిచ్చేశ్వరరావూ," అన్నారు కళాధరరావుగారు ఎంతో దయగా, "ఒక్కసారి పాట వేస్తే నూటికి నూరు శాతం అరుగుదల జరుగుతుంది. ఆవిడ వినేది ముప్ఫై. మిగతా డెబ్భై శాతం అరుగుదల ఎవరి ఖాతాలో వెయ్యమంటారు?"

"అయ్యా, ఆవిడకి ఒక్క పంక్తి చాలండి. చెవి దగ్గర స్పీకరు పెడితే ఇప్పటికింకా వినిపిస్తుందండి. ఇంకో నెల పోతే అదీ ఉండదు."

"భావోద్వేగాలు వద్దు. సంఘం మానవీయ కోణంలోనే ఆలోచించింది." ఆయన కాగితం తీసి చదివారు. "అర్జీదారుకి తగినంత శ్రవణ శక్తి లేనందున, ఆమె తరఫున ఈ సంఘమే సదరు పాటని ఒక్కమారు విని, ధ్రువీకరించిన నివేదికని ఆమెకి అందజేయవలెనని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

ఆవిడ బదులు వీళ్ళు వింటారట! ఆవిడ బదులు అన్నం కూడా వీళ్ళే తినేట్టున్నారని పిచ్చేశ్వరరావుకి కోపం వచ్చింది. కానీ అంతకు మించి దారి లేదు. కనీసం పాట మోగుతుంది, ఎవరో ఒకరు ఆ పంక్తి రాసుకుంటారు అనుకున్నాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి మూడు తాళాలూ తీశారు. అలివేలమ్మగారు మనవరాలి పట్టుచీర కట్టుకుని వచ్చింది. మేడ ఎక్కనివ్వలేదు గనక కింద వరండాలోనే బెంచీ మీద కూచుంది. పైన సంఘం వట్టి కాళ్ళతో ఆసీనమైంది. పిచ్చేశ్వరరావు రికార్డు తుడిచి, పళ్ళెం మీద ఉంచి, సూది దించాడు.

కాసేపు పొయ్యిమీద తాలింపు చిటపటలాడినట్టు చప్పుడు. తరవాత హార్మోనియం. ఆ వెనక పదహారేళ్ళ పిల్ల గొంతు. గదిలోకి ఎవరో నవ్వుతూ పరిగెత్తుకొచ్చినట్టు వచ్చింది ఆ గొంతు. ఇంత పాటని ఇన్నేళ్ళు బీరువాలో నిలబెట్టి తుడుస్తూ ఉన్నానా అని పిచ్చేశ్వరరావుకి దుఃఖం పొంగుకొచ్చింది. కన్నీళ్ళు రికార్డు మీద పడతాయేమోనని ఒక అడుగు వెనక్కి జరిగాడు. అతను జరగగానే బుడగ జరిగింది. ఇంజనీరు కళ్ళెర్ర చేశాడు.

మిగతావాళ్ళు శ్రద్ధగానే ఉన్నారు. ఇంజనీరు బుడగని చూస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు సీలుని చూస్తున్నాడు. డాక్టరు గడియారం చూస్తున్నాడు. వీరరాఘవయ్య సంచాలకులవారి పాదాలు చూస్తున్నాడు. సంచాలకులవారు కళ్ళు మూసుకున్నారు. ఆయన రసానుభూతిలో ఉన్నారో, భోజనం తరవాతి అనుభూతిలో ఉన్నారో చెప్పడం కష్టం. చివరి చరణం వచ్చింది. ఆ పంక్తి వచ్చింది, వెళ్ళింది. సూది లేచింది. రికార్డుని సంచీలో పెట్టి, సంచీకి లక్క వేసి, ఇకముందు ఎవరూ తెరవరాదని ముద్ర కొట్టారు.

పద్నాలుగు పేజీల నివేదిక అప్పటికే టైపై ఉంది, అంకెలు నింపడమే మిగిలింది. కళాధరరావుగారే స్వయంగా కిందికి దిగి, ఫొటోగ్రాఫరు రాగానే దాన్ని అలివేలమ్మగారి చేతుల్లో పెట్టారు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని పేజీలు తిప్పింది. పాట నిడివి మూడు నిమిషాల పదకొండు సెకన్లు. బుడగ చలనం ఒకమారు, కారకుడు రికార్డు అటెండరు. సీలు భద్రం. మొత్తం మీద పాట సంతృప్తికరం.

"ఇందులో నా పంక్తేది బాబూ?" అంది.

కళాధరరావుగారు ఇంజనీరు వైపు చూశారు. ఇంజనీరు డాక్టరు వైపు చూశాడు. "మాటలు మా పరిశీలనాంశాల్లో లేవు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అమ్మా, అన్ని విషయాలూ నివేదికలో పొందుపరిచాం" అని గట్టిగా అరిచి చెప్పి, కళాధరరావుగారు ఫొటోగ్రాఫరుతో కలిసి వెళ్ళిపోయారు. వెనకే సంఘమూ వెళ్ళింది.

అలివేలమ్మగారు ఆ కాగితాల దొంతర ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఏడవలేదు. అంతకంటే అన్యాయంగా, చిన్నగా నవ్వి, "పోన్లే బాబూ, నువ్వు చెయ్యగలిగింది చేశావు" అంది.

పిచ్చేశ్వరరావు జన్మలో పాడలేదు. వాళ్ళావిడ జోలపాట పాడమన్నా రేడియో పెట్టేవాడు. ఇప్పుడు వరండాలో అందరూ చూస్తుండగా బెంచీ పక్కన గొంతుక్కూచుని, ఆవిడ కుడిచెవికి రెండు చేతులూ అడ్డం పెట్టి, బొంగురు గొంతుతో ఎత్తుకున్నాడు.

"పొద్దుగూకి పోతున్నాది, బుట్టలోన పూలున్నాయి..."

ఇక్కడిదాకా ఆవిడకి తెలుసు. ఇక్కడే ఆగేది. అతను ఆగలేదు.

"కొనేవాళ్ళకి జడలున్నాయి, కట్టే నాకు వేళ్ళున్నాయి..."

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "మళ్ళీ!" అంది. మళ్ళీ పాడాడు. "మళ్ళీ!" అంది. అయిదోసారికి అతని మోచేతి మీద ఒక్కటి వేసింది.

"చంపేశావయ్యా పాటని! 'జడలు' దగ్గర కిందికి దిగకూడదు, పైకి వెళ్ళాలి. ఇలాగ," అని తను అందుకుంది. వణుకుతున్న గొంతే. అయినా ఆ పైకి వెళ్ళాల్సిన చోట పైకి వెళ్ళింది. గుమాస్తాలు బల్లలు వదిలి వచ్చి నిలబడ్డారు. పిచ్చేశ్వరరావు భళ్ళున ఏడ్చేశాడు.

ఆ పాటకి పైన యంత్రం బుడగ ఎంత కదిలిందో తెలీదు గానీ, సోమవారం ఉదయం పిచ్చేశ్వరరావు బల్ల మీద మెమో ఉంది. సంస్థ ఆస్తి అయిన ఒక పాట పంక్తిని రాతపూర్వక అనుమతి లేకుండా పై అంతస్తు నుంచి కిందికి తరలించి, సంస్థేతర వ్యక్తికి అప్పగించినందుకు అతనిమీద చర్య ఎందుకు తీసుకోకూడదో తెలపాలి. సదరు పంక్తిని మూడు రోజుల్లోగా స్వాధీనం చేసుకుని, యథాస్థితిలో సంస్థకి తిరిగి అప్పజెప్పాలి.

ఉత్తర్వు ఉత్తర్వే. పిచ్చేశ్వరరావు స్వాధీనం కోసం బుధవారం సాయంత్రం అలివేలమ్మగారింటికి వెళ్ళాడు. గురువారం పొద్దున తన సంజాయిషీ దాఖలు చేశాడు.

"అయ్యా, తమ ఉత్తర్వు ప్రకారం పంక్తిని వెనక్కి తేవడానికి వెళ్ళాను. నేను వెళ్ళేసరికే అది పదకొండుమంది ఆడవాళ్ళ నోళ్ళలో ఉంది. వాళ్ళలో నలుగురు దాన్ని ఇళ్ళకి కూడా తీసుకెళ్ళినట్టు తెలిసింది. ఒకావిడ బట్టలుతుకుతూ వాడుతోంది. ఇంతమంది ఇన్నిసార్లు పాడుతున్నా పంక్తి ఎక్కడా అరిగిన దాఖలా కనపడలేదని విన్నవించుకుంటున్నాను. అలివేలమ్మగారికి ఈ మంగళవారం నుంచి కుడిచెవి కూడా పూర్తిగా వినిపించడం లేదు. తమ మెమోని కాగితం మీద పెద్దక్షరాలతో రాసి చూపించాను. ఆవిడ చదువుకుని, సంఘం వారి పద్నాలుగు పేజీల నివేదికని భద్రంగా తిరిగి ఇచ్చేశారు. అది ఇందుతో జతపరిచాను. పంక్తిని మాత్రం ఇవ్వనన్నారు."